పట్టపగలు దోమతెర

నిన్న పొద్దున మా వీధిలోకి మున్సిపాలిటీ ఆటో వచ్చింది. పైన మైకు. "శుక్రవారం డ్రై డే. ఇంట్లోని తొట్లు, డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్ళేలు ఖాళీ చేసి ఆరబెట్టండి" అని రికార్డులో ఒక ఆడగొంతు చెబుతోంది. అరుగు మీద పేపరు చూస్తున్న నాకు నవ్వొచ్చింది.

"శుక్రవారం ఏంది, అష్టమి గద" అని పైకే అన్నాను.

లోపలినుంచి మా ఆవిడ అడిగింది. "ఎవరితోని మాట్లాడుతాండ్రు?"

"గరిటె సారుతోని."

ఆమె కూడా నవ్వింది. "అయితే రెండు కప్పులు పెట్టాల్నా చాయ?" అంది.

గరిటె సారుకు అసలు పేరు ఒకటి ఉంది. నా డైరీలో అది ఉంది కూడా. కానీ మట్టెవాడలోని మా మగ్గాల వీధిలో ఆయనను ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. కనుక ఇక్కడ నేనూ రాయను. ఆయన మున్సిపాలిటీలో దోమల పని చూసే మనిషి. డెబ్బయ్యవ దశకం చివర్లో మా వీధికి రావడం మొదలుపెట్టాడు. ఖాకీ చొక్కా, తెల్ల పైజామా, పాత సైకిలు. సైకిలు నడిమి కడ్డీకి సుతిలి తాడుతో కట్టిన తెల్ల పింగాణీ పూత గరిటె, దానికి మూడడుగుల వెదురు పిడి. ఆ గరిటె అన్నం, కూర ఎరగదు. దానితో ఆయన ఊళ్ళో ఉన్న ప్రతి నీటినీ తోడి చూసేవాడు.

మాది జంపఖానాలు నేసే వీధి. ఇంటింటికీ గుంట మగ్గం, ఇంటింటికీ వాకిట్లో నూలు నానబెట్టే పెద్ద మట్టి తొట్టి. దాన్ని మా వైపు గోలెం అంటారు. గరిటె సారు సైకిలు గోడకు ఆనించి, సుతిలి విప్పి, గోలెం దగ్గర నిలబడి, "ఒక్క గరిటె, అవ్వా. ఒక్కటంటె ఒక్కటే" అనేవాడు. ముంచేవాడు. ఎండకు పెట్టి మెల్లగా వంచేవాడు. తెల్లటి గరిటెలో సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ, మెలికలు తిరుగుతూ కనబడేవి. అవి రేపటి దోమలు. వాటిని ఆయన వేలితో చూపిస్తూ లెక్కపెట్టేవాడు. పురుగుల్ని ఎప్పుడూ మనుషుల లెక్కనే లెక్కపెట్టాడు.

"పదకొండు... పన్నెండు... పదమూడు మంది. మీ గోలెంల పదమూడు మంది ఉన్నరు, అవ్వా. రేషన్ కార్డుల ఎక్కిచ్చినవా?"

"నీ నోట్ల మన్నువడ! తినేటోళ్ళే ఎక్కువైండ్రు నా ఇంట్ల, ఇంక వీళ్ళా?" అనేది మా ఎదురింటి అవ్వ. ఆమె కులపెద్ద నర్సయ్య భార్య. నోరు పెద్దది. ఆ నోటికి భయపడని మనిషి వీధిలో గరిటె సారు ఒక్కడే.

ఎవరింట్లో మంచినీళ్ళిచ్చినా గ్లాసును వెలుతురుకు పెట్టి అడుగుదాకా చూసి గానీ తాగడు. ఇచ్చినవాళ్ళకు మండేది. అందుకే వీధిలో అందరూ ఆయనకు చాయే ఇచ్చేవారు. చాయలో ఏముందో కనబడదు కదా అని అవ్వ అనేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఠప్పున చప్పట్లు కొట్టేవాడు. అరచేయి విప్పి పరీక్షగా చూసి, "మగది. పాపం, దీనికి మన నెత్తురుతోని పనే లేకుండె" అని బాధపడేవాడు. ఆడది దొరికితే మాత్రం అందరినీ పిలిచి చూపించేవాడు. "చూడుండ్రి, కాళ్ళకు తెల్ల పట్టీలు. పెండ్లికి పోయినట్టు తయారైంది. ఇది పగలే కుడుతది, ఇంట్ల మంచినీళ్ళలనే గుడ్లు పెడుతది. మోరీల ఉండేది కాదు. ఇది ఖాందాన్ దోమ."

ఆయన మా వీధిని అంతగా పట్టుకోవడానికి కారణం అంతకు ముందటి వానాకాలం. మా వీధి మగవాళ్ళలో చాలామంది భీవండిలో, షోలాపూర్‌లో పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవారు. ఆ ఏడు భీవండి నుంచి వచ్చిన ఒకతను జ్వరంతో దిగాడు. రెండు వారాలు తిరిగేసరికి సగం వీధి మంచం పట్టింది. దవాఖానలో డాక్టరు ఇది వైరస్ జ్వరమనీ, దోమ మోసుకొస్తుందనీ, మందు లేదనీ, ఓపిక పట్టాలనీ చెప్పాడు. వీధి మాత్రం దానికి 'భీవండి జరం' అని పేరు పెట్టింది. జ్వరం నాలుగు రోజులకే పోయింది గానీ కీళ్ళ నొప్పులు పోలేదు. మాది కాళ్ళతో తొక్కి చేతులతో నేసే పని. అది ఆ రెంటినీ పట్టుకుంది. నెల రోజులు మగ్గాల చప్పుడు లేదు. వీధిలో అందరూ ఏదో కింద పడేసుకుని వెతుక్కుంటున్నట్టు వంగి నడిచారు. అవ్వకు పిడికిలి ముడుచుకోవడం పోయి, చెంబును రెండు చేతుల మధ్య పట్టుకునేది. ఆ చెంబును చూసినప్పుడు మాత్రం గరిటె సారు జోకులు వేసేవాడు కాదు.

నేను ఆ రోజుల్లో హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. డైరీ రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. తేదీ, తిథి, వాన ఎంత, వీధిలోకి ఎవరొచ్చారు, ఎవరు పోయారు, ఎవరికి ఒంట్లో బాగాలేదు. ఒకరోజు సాయంత్రం నేను అరుగు మీద రాసుకుంటుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏం రాస్తాండ్రు, సారూ?"

చెప్పాను. పోయిన ఏటిది ఉందా అని అడిగాడు. తెచ్చిచ్చాను. వేలు పెట్టి పంక్తి పంక్తీ చదివాడు. భీవండి మనిషి దిగిన రోజు. తరువాత పన్నెండు రోజులు ఏమీ లేదు. పదమూడో రోజు పక్కింట్లో ఒకరు, ఆ మర్నాడు ఎదురింట్లో ఇద్దరు, ఆ తరువాత ఇక వరస.

"సారూ, ఆ మనిషి తెచ్చింది ఒక్క జరమే. మిగిలినయన్ని మీ వీధిల గోలేలల్లనే తయారైనయి. దానికి భీవండి పేరెందుకు?" అన్నాడు. డైరీ మూసి రెండు చేతులతో నాకిచ్చాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం మా అరుగు మీది బల్ల ఆయనది. ఆ బల్ల మీద కూర్చునే మేము గోలేల తగాదా తీర్చాము. ఆయన మొదట ఆదివారం ఆదివారం గోలేలు ఖాళీ చేసి ఆరబెట్టమన్నాడు. మగ్గానికి ఆదివారం ఏమిటి? నూలు మూడు రోజులు నానాలి, మధ్యమధ్య తొక్కాలి. సగంలో నీళ్ళు పారబోస్తే పని చెడుతుంది. ఒక ఆదివారం ఆయన అవ్వ గోలేన్ని తానే వంచేశాడు. నానుతున్న నూలంతా వాకిట్లో బురదలో పడింది. అవ్వ అదే గరిటె లాక్కుని వీధి చివరిదాకా తరిమింది. ఆయన సైకిలు వదిలేసి పరుగెత్తాడు. మరునాడు వచ్చి, "నీ తప్పు లేదు, అవ్వా. నాకు నూలు సంగతి తెల్వదు. చెప్పు, నేర్చుకుంట" అని వాకిట్లో గొంతుక్కూర్చున్నాడు. అవ్వ పొద్దంతా తిడుతూనే నేర్పింది.

నేర్చుకున్నాక నా దగ్గరికి వచ్చాడు. "నేతోళ్ళు ఎప్పుడు పని బంద్ పెడతరు, సారూ?"

అమావాస్య నాడు అన్నాను. ఆ రోజు మా వీధిలో మగ్గం ఆడదు.

"అయితే అమాసకు ఎండబెట్టుమందం." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "కానీ గుడ్డు దోమ అయ్యేటందుకు ఎనిమిది తొమ్మిది దినాలు చాలు. అమాసకు అమాసకు నడుమ మూడు తరాలు పుడతయి."

నేను పంచాంగం తీశాను. అష్టమి నాడు ఎవరూ కొత్త నూలు నానబెట్టరు, కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. అమావాస్య, అష్టమి, వాకిళ్ళు కడిగే పున్నమి, మళ్ళీ అష్టమి. మధ్యలో ఏడెనిమిది రోజులే. నేను వేళ్ళ మీద లెక్కపెట్టి చూపిస్తుంటే ఆయన నా చేయి పట్టుకుని ఊపాడు. "ఎవ్వల పని చెడది! నీళ్ళకు తిథి పెట్టిండ్రు గద, సారూ!"

మరునాడు సున్నంతో, బొగ్గుతో ప్రతి ఇంటి తలుపు పక్కన నాలుగు బొమ్మలు గీశాడు. ఒక నిండు నలుపు, ఒక సగం, ఒక నిండు తెలుపు, ఇంకో సగం. చదువు రానివాళ్ళకు కూడా ఆకాశం చూస్తే గోలెం ఎప్పుడు బోర్లించాలో తెలుస్తుంది. మా ఇంటి గోడ మీద మాత్రం గీయలేదు. "మీరే చెప్పిన తిథులు మీకేం గీస్త, సారూ" అన్నాడు.

శ్రావణ పున్నమి మా వీధికి నూలు పున్నమి. కొత్త జంధ్యం వేసుకునే రోజు, చెల్లెళ్ళు అన్నలకు రాఖీ కట్టే రోజు. దూరాన పనిచేసేవాళ్ళు ఎట్లాగైనా ఆ రోజుకు ఇల్లు చేరాలని చూస్తారు. ఆ ఏడు పండుగకు పది రోజుల ముందు నర్సయ్య తన వాకిట్లో అందరినీ పిలిపించాడు.

"భీవండి నుంచి వచ్చెటోళ్ళు ఈసారి వీధిలకు రావద్దు. పండుగైనంక సుత పదిహేను దినాలు వీధి బయటి బడిల ఉండాలె. బువ్వ మనమే పంపుదం. పోయినేటి సంగతి అందరికి యాదున్నది."

ఆ మాటకు ఎదురు మాట్లాడింది ఆయన కోడలే. పేరు బాలమణి. తల్లిదండ్రులు లేరు, ఉన్నది ఒక్క అన్న సాంబయ్య. భీవండిలో పని. రెండేళ్ళుగా పున్నమికి రాలేకపోయాడు. ఈసారి వస్తున్నానని కార్డు రాశాడు. బాలమణి ఆ కార్డును వీధిలో అందరికీ చూపించింది, చదువు రానివాళ్ళకు కూడా.

"మామా, బడిల ఉంచుటానికి మా అన్న ఏం దొంగతనం చేసిండు?" అంది.

"నీ అన్న మీద నాకేం కోపం, బిడ్డా? మీ అత్త చెంబు ఎట్ల పట్టుకుంటదో చూసి మాట్లాడు."

బాలమణి అత్త చేతుల వంక చూసింది. తల దించుకుంది. అవ్వ కూడా, అంత నోరున్న మనిషి, తల దించుకుంది.

అప్పుడు వెనకనుంచి గరిటె సారు లేచాడు. గరిటె చేతిలోనే ఉంది. "పెద్దమనిషీ, జర నా మాట ఇను. మనిషిని ఆపితే జరం ఆగది. గోలెం ఎండితే ఆగుతది. నాలుగు నెలల సంది మీరు తిథి తప్పకుండ ఎండబెడతాన్రు. రానియ్యండ్రి. జరంతోని వస్తే ఎట్ల చూసుకోవాల్నో నాకు తెలుసు."

"వీధిల ఒక్కరికి అంటుకున్నా?"

"ఒక్కరికి వచ్చినా సరే, ఈ గరిటె నీ గుమ్మంల ఇరగ్గొట్టి పోత. మల్ల ఈ వీధి మొకం చూడ. నువ్వు వచ్చే యేడు బడి కాదు, కోటలనే పెట్టుకో వాళ్ళను."

నర్సయ్య ఆ గరిటె వంక చూశాడు. "రానియ్యి. పండుగైనంక వచ్చే అమాసదాకా చూస్త" అన్నాడు.

సాంబయ్య త్రయోదశి నాడు పొద్దున దిగాడు. ఆ ఏడు భీవండి నుంచి వచ్చింది అతనొక్కడే. ఆ దృశ్యం నేనెప్పుడూ మరిచిపోలేదు. బడికి బయలుదేరుతున్నాను. స్టేషను వైపునుంచి గరిటె సారు సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. వెనక క్యారియర్ మీద, తలనుంచి కాళ్ళదాకా తెల్లటి దోమతెర కప్పుకుని ఒక ఆకారం. పట్టపగలు. మట్టెవాడ అంగళ్ళ వాళ్ళంతా బయటికి వచ్చి నిలబడ్డారు.

"పెండ్లిపిల్లను ఏ ఊరి నుంచి తెస్తాన్రు, సారూ?" అని ఒకడు అరిచాడు.

"పిల్లకు మీసాలున్నయి, చేసుకుంటవా?" అన్నాడు గరిటె సారు, తొక్కడం ఆపకుండా.

స్టేషనులో దిగేటప్పటికే సాంబయ్య ఒళ్ళు కాలిపోతోందట. కార్డులో రాసిన రైలు చూసుకుని గరిటె సారు దోమతెరతో సహా ఫ్లాట్‌ఫారం మీద కాచుకున్నాడు. ఆ తెర ఆయన సొంతం. ఒక్కటే ఉంది. నర్సయ్య ఇంటి ముందు గదిలో మగ్గం గుంజకూ కిటికీకీ నాలుగు మూలలా కట్టించి, సాంబయ్యను లోపల పడుకోబెట్టాడు.

"రాత్రి తీసినా నాకు ఫికర్ లేదు. పొద్దు పొడిచినప్పటి సంది పొద్దు గూకేదాక మాత్రం చెయ్యి సుత బయట పెట్టొద్దు. ఇతని నెత్తుర్ల ఇప్పుడు జరం ఉన్నది. దోమకు అందకుంటే చాలు. వారం దినాలు."

వారం రోజులు మా వీధికి సినిమా లేకపోయినా సరిపోయింది. పగలు దోమతెరలో మనిషిని చూడడానికి పక్క వీధులనుంచి కూడా వచ్చారు. "మా ఇంట్ల కొత్త దేవుడు వెలిసిండు. కొబ్బరికాయలు తెచ్చుకోండ్రి" అన్నాడు నర్సయ్య. ఆ మాట అన్నప్పుడే నాకు ధైర్యం వచ్చింది. ఆయన నవ్వి చాలా రోజులైంది. అవ్వ మాత్రం తెర పక్కనే కూర్చుని, ముడవని వేళ్ళ మధ్య విసనకర్ర ఇరికించుకుని, తెర మీద వాలిన ప్రతిదాన్నీ కొట్టేది. "మోకాళ్ళు నొస్తానయా, కొడుకా? నాకు తెలుసు, నాకు తెలుసు" అనేది.

ఇక పున్నమి. బాలమణి పళ్ళెంలో కుంకుమ, బెల్లం, రాఖీ పెట్టుకుని తెర ముందు నిలబడింది. గరిటె సారు గుమ్మంలో అడ్డం.

"చెయ్యి బయట పెడ్త, కట్టు" అన్నాడు సాంబయ్య లోపలినుంచి.

"పెట్టొద్దు!" అని అరిచాడు గరిటె సారు.

"అయితే నేను లోపలికి పోత" అంది బాలమణి.

"నువ్వు పోవాల్నంటే తెర ఎత్తాలె. ఎత్తితే నీతోని ఎన్ని పోతయో?"

"రెండేండ్లాయె కట్టక, సారూ. తెరకు కట్టుమంటవా?"

నర్సయ్య కలగజేసుకున్నాడు. "కట్టనీయవయ్యా. జరానికి భయపడుదం గని పున్నమికి భయపడుతమా?"

చివరికి గరిటె సారే దారి చూపాడు. గదిలో వేపాకు పొగ పెట్టించాడు. నాకూ నర్సయ్యకూ చెరో తువ్వాల ఇచ్చి రెండు పక్కలా విసరమన్నాడు. తాను రెండు అరచేతులూ విప్పి చప్పట్లకు సిద్ధంగా నిలబడ్డాడు. "ఒకటి, రెండు, మూడు!" సాంబయ్య చేయి మణికట్టుదాకా బయటికి వచ్చింది. బాలమణి రాఖీ కట్టింది. కట్టి, చేయి వదలకుండా, కొంగు ముడి విప్పి ఇంకొకటి తీసింది.

"గదేంది?" అన్నాడు గరిటె సారు.

"పోయినేటిది. కొని పెట్టిన."

పొగకు అందరికీ దగ్గు. రెండోది కట్టింది. మళ్ళీ కొంగులోనుంచి మూడోది తీసింది.

"జల్ది, చెల్లే, జల్ది! నువ్వు కడతానవా, నేస్తానవా?" అన్నాడు గరిటె సారు.

"అంతకు ముందేటిది ఇది. జర ఆగు, సారూ. ముడి గట్టిగ పడాలె."

మూడు ముడులూ గట్టిగానే పడ్డాయి. సాంబయ్య చేయి లోపలికి పోతుండగా గరిటె సారు ఠప్పున చప్పట్లు కొట్టాడు. అరచేతులు విప్పి చూసుకున్నాడు. ఏమీ లేదు.

"తప్పిచ్చుకున్నది" అన్నాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో నవ్వు లేదు. తరువాత బెల్లం ముక్క నోట్లో వేసుకుని, "కానియ్యండ్రి, దానికి సుత పండుగనే" అన్నాడు.

అష్టమికి సాంబయ్య లేచి తిరిగాడు. తెర మడిచి ఇచ్చేశారు. ఇక అమావాస్యదాకా ఎదురుచూడడమే మిగిలింది. గరిటె సారు రోజూ సాయంత్రం వచ్చి మా బల్ల మీద కూర్చునేవాడు. "ఏం రాసిండ్రు, సారూ?" ఏమీ లేదనేవాణ్ణి. "ఏం లేదని రాసిండ్రా మరి? రాయుండ్రి. జరం రానోన్ని ఎవ్వలు యాది పెట్టుకోరు. మీరన్న రాయుండ్రి" అనేవాడు. ద్వాదశి, త్రయోదశి, చతుర్దశి మూడు రోజులు మాత్రం రాలేదు.

అమావాస్య నాడు వచ్చాడు. సైకిలు తొక్కడం లేదు, నడిపించుకుని వస్తున్నాడు. కుంటుతున్నాడు. "చైను ఊడి పడ్డ, సారూ" అన్నాడు. గరిటెను కర్రలా ఆనుకుని బల్ల మీద మెల్లగా కూర్చున్నాడు. నర్సయ్య కూడా వచ్చాడు. గరిటె సారు నన్ను డైరీ తెమ్మని, చదవమన్నాడు. నేను ఆ రోజు పేజీలో అప్పుడే రాసిన పంక్తి చదివాను. "సాంబయ్య వచ్చి పదిహేడు రోజులు. వీధిలో ఎవరికీ ఏమీ కాలేదు."

"ఇంకోపారి చదువుండ్రి."

ఇంకోసారి చదివాను. నర్సయ్య గరిటె సారు భుజం మీద చేయి వేసి, "వచ్చే యేడు అందరిని రమ్మని కార్డులు రాయిస్త" అని వెళ్ళిపోయాడు. నేను చాయ తేవడానికి లోపలికి వెళ్ళాను. తెచ్చేసరికి గరిటె సారు లేచి నిలబడి సుతిలి కడుతున్నాడు. చాయ నిలబడే తాగాడు.

మరునాడు ఇంగ్లీషు లెక్కన నెలాఖరు. ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. నేను రోజూ పొద్దున ఆరింటికి వాన కొలిచి రాసి, ఆ నీటిని ఒక పాత ఊరగాయ జాడీలో పోసి ఉంచేవాణ్ణి. నెలాఖరున జాడీ మొత్తం మళ్ళీ కొలిచి, రోజువారీ అంకెలతో సరిచూసుకునేవాణ్ణి. ఎండకు ఆవిరి కాకుండా ఆ జాడీ అరుగు మీది బల్ల కింద నీడలో ఉండేది. ఆ నెలాఖరున చూస్తే జాడీ బోర్లా పడి ఉంది, పొడిగా ఉంది. పిల్లిని తిట్టాను. అప్పటిదాకా రాసిన డైరీల్లో నేను వాన సరిచూడని నెల అదొక్కటే.

ఇంకో రెండు రోజులు గరిటె సారు కనబడలేదు. స్టేషను అవతల ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసి, "మీ దోస్తు సుత దేవుడైండు. పోయి దర్శనం చేసుకోండ్రి" అంది. లోపల, పట్టపగలు, అదే దోమతెర. తెరలో ఆయన.

"ఏంది ఇది?"

"సైకిల్ చైను" అన్నాడు.

"చైను ఊడితే దోమతెర కట్టుకుంటరా?"

నవ్వబోయి మోకాలు పట్టుకున్నాడు. "డైరీ తెచ్చిండ్రా, సారూ?"

"లేదు."

"మంచిదాయె. ఇది రాయకుండ్రి."

"ఎందుకు రాయద్దు? ఉన్నది రాస్త నేను."

"రాస్తే నర్సయ్య చదువుతడు. యాడ కుట్టిందని అడుగుతడు. వీధిలనే కుట్టిందంటే వచ్చే యేడు ఒక్కన్ని రానియ్యడు. ఆ పిల్ల ఇంకో రెండేండ్ల రాఖీలు కొంగుల కట్టుకుంటది."

"మీరు ఊరంత తిరుగుతరు. వీధిలనే కుట్టిందని ఎట్ల అంటరు?"

తెర లోపలినుంచి నన్ను చూశాడు. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టు చూశాడు.

"మీ బల్ల కింద జాడీ ఉండె గద, సారూ."

నేను తెర దగ్గరికి జరిగాను.

"అమాస నాడు మీరు చాయకు లోపలికి పోయినప్పుడు ఒక్క గరిటె ముంచిన. ముప్పై ఆరు మంది. నెల పొడుగుత మంచిగ సాదుకున్నరు. పారబోసిన. వీధి మొత్తం మీద నేను ముంచని ఇల్లు మీదొక్కటే. పంచాంగం చెప్పిన సారు ఇంట్ల గరిటె ముంచుడు బాగుండదనుకున్న. ఇన్ని దినాలు దాని మీదనే కూసున్న. తప్పు నాదే."

"నేను దాన్ని నీళ్ళు అనుకోలేదు. లెక్క అనుకున్న" అన్నాను. అంతకంటే నిజమైన మాట నేను ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నవ్వాడు. మోకాళ్ళు పట్టుకుని మరీ నవ్వాడు. "పున్నమి నాడు తప్పిచ్చుకున్నదే, సారూ, అది. మీ ఇంట్ల పుట్టి, సాంబయ్య దగ్గర పండుగ చేసుకుని, మల్ల మీ ఇంటికే వచ్చింది. వీధిల ఇంతమంది ఉండంగ నన్నే ఎతుక్కున్నది. ఎన్నేండ్ల పగో!"

"ఒక్కరికి వచ్చినా గరిటె ఇరగ్గొడ్త అన్నరు గద?"

"వీధిల ఒక్కరికి అన్న. నేను మీ వీధోన్ని కాదు గద. లెక్కల సార్లు మీరు, చెప్పండ్రి, లెక్కల వస్తనా?"

"రారు" అన్నాను. ఇంటికి వచ్చి ఆ రోజు పేజీలో, "గరిటె సారును చూసి వచ్చాను. వాళ్ళింటి చాయ బాగుంది" అని రాశాను. అప్పటిదాకా డైరీలో తెలిసి వదిలేసినది నాకు ఏదీ లేదు.

మరుసటి ఏడు నూలు పున్నమికి భీవండి నుంచి తొమ్మిది మంది వచ్చారు. ఎవరూ బడి ఊసెత్తలేదు. నర్సయ్య కులం తరఫున రెండు దోమతెరలు తెప్పించి తన ఇంట్లోనే పెట్టాడు. గరిటె సారు వీధి మొగలో గరిటె భుజాన వేసుకుని నిలబడి, దిగినవాళ్ళను వేలితో చూపిస్తూ, "ఏడు... ఎనిమిది... తొమ్మిది మంది" అని లెక్కపెట్టాడు. తరువాత తిన్నగా మా అరుగు ఎక్కి, ఎవరినీ అడగకుండా బల్ల కింద గరిటె పెట్టి చూశాడు. అక్కడ జాడీ లేదు. మా ఆవిడ దాన్ని అప్పటికే మామిడికాయ తొక్కుకు తీసుకుంది. నేను వాన కొలిచి పారబోయడం నేర్చుకున్నాను. ఆ మధ్యాహ్నమే సున్నం, బొగ్గు తెచ్చి మా తలుపు పక్కన కూడా నాలుగు చందమామలు గీశాడు.

ఎనభైలలో ఆయనకు ములుగు వైపు బదిలీ అయింది. ఒకసారి వచ్చినప్పుడు, "అడవి దోమలు మంచియి, సారూ. పాట పాడి చెప్పి మరీ కుడుతయి" అన్నాడు. అదే ఆఖరు. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. నర్సయ్య లేడు, అవ్వ లేదు. ఆ మాట బయటికి రాకూడదని అడిగినవాడూ లేడు, వస్తే నష్టపోయేవాళ్ళూ లేరు.

నిన్న ఆటో వెళ్ళిపోయాక లేచి, ఆ ఏటి డైరీ తీశాను. అమావాస్య పేజీ. "వీధిలో ఎవరికీ ఏమీ కాలేదు" అన్న పంక్తి అట్లాగే ఉంది. దాన్ని కొట్టేయలేదు. అది అబద్ధం కాదు, గరిటె సారు మా వీధివాడు కాదు గనుక. దాని కింద ఒక్క పంక్తి రాసేంత చోటు ఖాళీగా ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని, చిన్న అక్షరాలతో రాశాను.

"మా జాడీలో ముప్పై ఆరు మంది."